కెమెరా ఎందుకు కుదుపుతుంది? ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్ ఎంపిక వెనుక భౌతికశాస్త్రం

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో నడుస్తుంటే తెలుగు చెవిన పడుతుంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. మరమగ్గాన్ని వాళ్లు ‘సాంచా’ అంటారు. నాడె అటూ ఇటూ దూసుకుపోయే పాత సాంచాల స్థానంలో ఇప్పుడు నాడె అవసరం లేని వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలు వస్తున్నాయి. ఆ మార్పు మీద చిన్న సైన్స్ వీడియో తీద్దామని ఒక షెడ్డుకు వెళ్లాను.

అక్కడ ఒక పెద్దాయన తన సాంచా పక్కన నిలబడి అన్నమాట ఇది: “గిది రేపటికి ఉండది బిడ్డా. పొద్దుగాల పాతినుప సామాన్లోళ్లు వస్తరు. ఏం తీసుకుంటవో ఇయ్యాల్నే తీసుకో.”

పడుగు చుట్టిన బీము దగ్గర మొదలుపెట్టి, నూలు వెంట మెల్లగా కదిలి, ఆయన చేతుల దగ్గర ఆగే షాట్ నాకు కావాలి. ఏడెనిమిది సార్లు తీశాను. రాత్రి బసకు వచ్చి ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే ఒక్కటీ పనికి రాలేదు. ప్రతి షాట్ మొదట్లో ఒక కుదుపు. చివర్లో దృశ్యం కాస్త వెనక్కి జరిగేది. కెమెరా పైకి వంచిన చోట మెల్లగా ముందుకు వాలిపోయేది. వీటన్నిటికీ తోడు, మొదటి నుంచి చివరి దాకా ఒక సన్నని వణుకు. మర్నాడు వెళ్లేసరికి సాంచా లేదు. నేల మీద దాన్ని బిగించిన బోల్టుల గుర్తులు మాత్రం ఉన్నాయి.

నా ట్రైపాడ్ డబ్బా మీద ‘ఫ్లూయిడ్ హెడ్’ అనే రాసి ఉంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను, ఆ మాటకు అర్థమేమిటో కొనేముందు ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు. ఆ రాత్రి చూసిన నాలుగు దోషాలకు నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. ఒక్కొక్కటీ అర్థం చేసుకుంటే, ఎలాంటి ట్రైపాడ్ కొనాలో దానంతటదే తెలుస్తుంది.

మొదటి దోషం: కదలగానే కుదుపు

బరువైన బీరువాను నేల మీద నెట్టిన అనుభవం అందరికీ ఉంటుంది. ఎంత నెట్టినా కదలదు, కదలదు, ఒక్కసారిగా జరిగిపోతుంది. నిశ్చలంగా ఉన్న రెండు ఉపరితలాల మధ్య ఉండే స్థైతిక ఘర్షణ, అవి జారుతున్నప్పుడు ఉండే గతిక ఘర్షణ కంటే సాధారణంగా ఎక్కువ. అందుకే కదిలించడానికి పెట్టిన బలం, కదలిక మొదలైన మరుక్షణం అవసరానికి మించిపోతుంది. వస్తువు ముందుకు దూకుతుంది. పాత తలుపు కిర్రుమనడానికీ, నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమనడానికీ కారణం ఇదే. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం.

చవక ట్రైపాడ్ హెడ్‌లలో జరిగేది కూడా ఇంతే. కెమెరాను పక్కలకు తిప్పడాన్ని ప్యాన్ అనీ, పైకీ కిందికీ వంచడాన్ని టిల్ట్ అనీ అంటారు. ఆ తిరిగే చోట ప్లాస్టిక్ లేదా లోహపు బిళ్లలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. మరను బిగిస్తే ఒరిపిడి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. బిగించిన కొద్దీ స్థైతిక ఘర్షణ కూడా పెరుగుతుంది కాబట్టి మొదటి కుదుపు ఇంకా పెద్దదవుతుంది. నేను ఆ రోజు చేసిన తప్పు అదే. కుదుపు వస్తోందని మరను ఇంకా బిగించాను.

ఆముదం చెప్పే పాఠం

ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక గిన్నెలో ఆముదం పోసి చెంచాను అందులో మెల్లగా తిప్పండి. దాదాపు ఏ అడ్డూ తగలదు. వేగంగా తిప్పండి. చేతికి బరువు తెలుస్తుంది. ఇంకా వేగం పెంచితే ఇంకా బరువు. చెంచా ఆగి ఉన్నప్పుడు మాత్రం ఆముదం దాన్ని ఏమాత్రం పట్టుకోదు. ఎంత చిన్న బలం పెట్టినా, ఎంత మెల్లగానైనా, కదలిక మొదలవుతుంది.

పొడి ఘర్షణకూ ద్రవపు అడ్డుకూ తేడా ఇక్కడే ఉంది. పొడి ఘర్షణ వేగంతో పెద్దగా మారదు, ఆగి ఉన్నప్పుడే ఎక్కువ. ద్రవం కలిగించే అడ్డు వేగానికి అనుపాతంలో పెరుగుతుంది, వేగం సున్నా అయితే అదీ సున్నా. ఈ గుణాన్నే స్నిగ్ధత అంటారు. దీని నియమాన్ని చెప్పినవాడు న్యూటన్.

నిజమైన ఫ్లూయిడ్ హెడ్ లోపల సన్నని పలకలు లేదా వలయాలు, వాటి మధ్య చిక్కని సిలికాన్ ద్రవమో గ్రీజో ఉంటాయి. ఒక పలక తిరుగుతుంటే పక్కది ఆగి ఉంటుంది. మధ్యలోని ద్రవపు పొర సాగుతూ అడ్డుకుంటుంది. పలకల వైశాల్యం పెరిగినా, వాటి మధ్య సందు తగ్గినా, ద్రవం చిక్కబడినా అడ్డు పెరుగుతుంది. మంచి హెడ్‌ల మీద కనిపించే 1, 2, 3 అంకెలు సాధారణంగా ఎన్ని పలకలు పనిలో పాల్గొనాలో నిర్ణయిస్తాయి. అందుకే అక్కడ మరను ‘బిగించడం’ అనేది ఉండదు, అంకెను మార్చడమే ఉంటుంది.

ఇది చేతి వణుకును ఎలా తగ్గిస్తుంది? ఆరోగ్యవంతుల చేతుల్లో కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నని కంపనం ఉంటుంది. ప్యాన్ చేయడానికి మనం పెట్టే బలం ఒకే దిశలో చాలా సెకన్లు సాగుతుంది. వణుకు బలం మాత్రం సెకనులో ఇరవయ్యో వంతుకే దిశ మార్చుకుంటుంది. ద్రవం అడ్డుతున్నప్పుడు, అంత తక్కువ సమయంలో కెమెరా చెప్పుకోదగ్గ దూరం కదలలేదు. నిదానంగా సాగే బలాన్ని ద్రవం అనుమతిస్తుంది, తొందరపడే బలాన్ని వడగడుతుంది.

ద్రవం ఏదైనా ఫరవాలేదా? 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆముదం స్నిగ్ధత నీటికి సుమారు వెయ్యి రెట్లు. 40 డిగ్రీలకు వచ్చేసరికి అది దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. వేసవి మధ్యాహ్నం సూరత్ రోడ్డు మీద అలాంటి నూనెతో పనిచేసే హెడ్ ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరోలా తిరుగుతుంది. వేడికి సిలికాన్ ద్రవాల స్నిగ్ధత అంత వేగంగా మారదు. వాటిని వాడటానికి ముఖ్య కారణం అదే.

రైళ్ల కోసం పుట్టిన ఆలోచన

1940లలో ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ ద్రవంతో పనిచేసే కెమెరా హెడ్‌ను రూపొందించాడు. అమెరికాలో చాడ్వెల్ ఓకానర్ అనే ఇంజనీరు మరో దారిలో అక్కడికే వచ్చాడు. ఆయనకు ఆవిరి ఇంజన్లంటే ప్రాణం. కదిలే రైలును సినిమా కెమెరాతో వెంబడిస్తుంటే దృశ్యం కుదుపులతో పాడయ్యేది. దాంతో తానే ద్రవం నింపిన హెడ్ తయారు చేసుకున్నాడు. రైళ్ల పిచ్చి ఉన్న వాల్ట్ డిస్నీ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. డిస్నీ సంస్థ 1953లో విడుదల చేసిన ‘ది లివింగ్ డెజర్ట్’ అనే ప్రకృతి చిత్రం నిర్మాణంలో ఆ హెడ్‌ను వాడారు. తర్వాతి కాలంలో ఆస్కార్ అకాడమీ ఓకానర్‌ను సాంకేతిక పురస్కారంతో గౌరవించింది.

రైలే ఎందుకు అంత కష్టం? గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్లే రైలును పట్టాలకు 20 మీటర్ల దూరంలో నిలబడి తీస్తున్నాం అనుకోండి. అది ఇంకా 100 మీటర్ల అవతల ఉన్నప్పుడు కెమెరా సెకనుకు 2 డిగ్రీలకు కాస్త పైగా తిరిగితే చాలు. సరిగ్గా మన ఎదురుగా వచ్చేసరికి సెకనుకు 57 డిగ్రీలు తిరగాలి. రైలు వేగం మారకపోయినా కెమెరా కోణీయ వేగం పాతిక రెట్లు పెరిగి మళ్లీ తగ్గాలి. పొడి ఘర్షణ హెడ్‌కు అది అసాధ్యం. వేగంతో పాటే పెరిగి, వేగంతో పాటే తగ్గే అడ్డు ఉంటేనే చేతికి పట్టు దొరుకుతుంది.

రెండో దోషం: పైకి వంచితే వాలిపోవడం

దీనికి ద్రవంతో సంబంధం లేదు. కెమెరా గరిమనాభి టిల్ట్ ఇరుసు కంటే పైన ఉంటుంది. కెమెరాను వంచగానే గురుత్వ బలం దాన్ని అటే లాగుతుంది. లెన్సు, మైకు, మానిటర్‌తో కలిపి 2.5 కిలోల కెమెరా గరిమనాభి ఇరుసుకు 12 సెంటీమీటర్ల పైన ఉందనుకుందాం. 30 డిగ్రీలు వంచితే లాగే టార్క్ సుమారు 1.5 న్యూటన్ మీటర్లు. 60 డిగ్రీలకు అది 2.5 దాటుతుంది. 40 సెంటీమీటర్ల చేతికర్రతో మొదటి సందర్భంలో ఆపి ఉంచడానికి చేతిలో దాదాపు 375 గ్రాముల బరువు మోస్తున్నట్టే. ఉత్తరాయణం రోజున సూరత్ మేడల మీద గాలిపటాలు తీసేవాళ్లకు ఈ బరువు బాగా తెలుసు.

దీనికి విరుగుడు కౌంటర్‌బ్యాలెన్స్. హెడ్ లోపలి స్ప్రింగు గురుత్వానికి ఎదురుగా అంతే టార్క్ ఇస్తుంది. సరిగ్గా కుదిరితే కెమెరాను ఏ కోణంలో వదిలేసినా అక్కడే నిలబడుతుంది. స్ప్రింగు బలం తక్కువైతే వాలిపోతుంది. ఎక్కువైతే తనంతట తానే పైకి లేస్తుంది.

కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద ‘8 కిలోలు మోస్తుంది’ అని ఉంటుంది. అది విరగకుండా మోయగల బరువు మాత్రమే. స్ప్రింగు ఏ బరువుకు సరిపోతుందన్నది వేరే అంకె. కొన్ని హెడ్‌లలో స్ప్రింగు ఒకే బరువుకు స్థిరంగా ఉంటుంది. నాలుగు కిలోలకు సరిపోయే స్థిర స్ప్రింగు మీద ఒక కిలో కెమెరా పెడితే ప్రతి టిల్ట్‌లోనూ స్ప్రింగుతో కుస్తీ పట్టాలి. కాబట్టి పెద్ద అంకె ఉన్న హెడ్ మంచిదనుకోవద్దు. ముందు మీ కెమెరాను లెన్సు, బ్యాటరీ, మైకు, ప్లేటుతో సహా వంటింటి త్రాసు మీదో కిరాణా కొట్టులోనో తూచండి. ఆ బరువు కౌంటర్‌బ్యాలెన్స్ పరిధి మధ్యలో పడే హెడ్ వెతకండి. దశలవారీగా మార్చుకునే వీలుంటే మరీ మంచిది.

మూడో దోషం: ఆపగానే వెనక్కి జరగడం

ప్యాన్ చేసేటప్పుడు చేతి బలం హెడ్ దగ్గరే ఆగదు. ద్రవం అడ్డుతుంది కాబట్టి ఆ టార్క్ కాళ్లకు చేరి వాటిని మెలిపెడుతుంది. కాళ్లు సన్నగా, కీళ్లు వదులుగా ఉంటే అవి పిండిన తువ్వాలులా కొంచెం మెలి తిరిగి, చేయి వదలగానే తిరిగి విప్పుకుంటాయి. దృశ్యం వెనక్కి జరుగుతుంది. అంటే ఖరీదైన హెడ్‌ను బలహీనమైన కాళ్ల మీద పెడితే ఈ దోషం తగ్గదు, పెరుగుతుంది.

అందుకే వీడియో ట్రైపాడ్‌లలో ఒక్కో కాలికి పక్కపక్కనే రెండు గొట్టాలు ఉంటాయి. మూడు కాళ్లనూ నేల దగ్గర గానీ మధ్యలో గానీ కలిపే స్ప్రెడర్ కూడా మెలికను తగ్గిస్తుంది. కార్బన్ ఫైబర్ తేలిక, అల్యూమినియం చవక. కానీ పదార్థం పేరు కంటే గొట్టాల మందం, తాళాల బిగువు ముఖ్యం. మధ్య స్తంభాన్ని పైకి లాగి వాడటం వీలైనంత మానుకోవాలి. అలా చేస్తే మూడు కాళ్ల ట్రైపాడ్ ఒంటికాలి మీద నిలబడినట్టే.

కాళ్ల పైన గిన్నెలాంటి అమరిక ఉందో లేదో కూడా చూడండి. హెడ్ అడుగున ఉండే అర్ధగోళం అందులో కూర్చుంటుంది. కాళ్లను ముట్టుకోకుండా హెడ్‌ను మట్టసం చేయవచ్చు. చిన్న కెమెరాలకు 75 మిల్లీమీటర్లు, పెద్దవాటికి 100 మిల్లీమీటర్ల గిన్నె సాధారణం. మట్టసం ఎందుకంటే, ప్యాన్ ఇరుసు నిలువుగా లేకుండా ముందుకు 2 డిగ్రీలు ఒరిగి ఉంటే, మొదట సమంగా కనిపించే క్షితిజరేఖ 90 డిగ్రీలు తిరిగేసరికి 2 డిగ్రీలు పక్కకు వాలుతుంది. డుమస్ తీరంలో ఇసుక మీద నిలబడి సముద్రాన్ని తీస్తే ఈ వాలు ఎవరి కంటైనా పడుతుంది.

నాలుగో దోషం: నేల వణుకు

ఇక నా షాట్లలోని సన్నని వణుకు. దీన్ని ఏ ఫ్లూయిడ్ హెడ్డూ ఆపలేదు. హెడ్ లోని ద్రవం కాళ్ల మీద కెమెరా తిరగడాన్ని మాత్రమే నిదానిస్తుంది. నేల కంపనం కాళ్లతో పాటు హెడ్‌నంతటినీ కదిలిస్తుంది. నాడె సాంచా నిమిషానికి వందకు పైగా సార్లు నాడెను విసిరి కొడుతుంది. అలాంటివి పదుల సంఖ్యలో నడుస్తుంటే నేలంతా కంపిస్తుంది. ఆ కంపనం కాళ్ల గుండా నేరుగా పైకి వస్తుంది. ట్రైపాడ్ సహజ పౌనఃపున్యం నేల కంపనంలోని ఏదో ఒక పౌనఃపున్యంతో కలిస్తే అనునాదం ఏర్పడి వణుకు ఇంకా పెరుగుతుంది.

చేయగలిగింది వేరే ఉంది. కాళ్లు పూర్తిగా సాచకుండా వీలైనంత పొట్టిగా ఉంచడం, గది మధ్యలో కాకుండా గోడ వారగా నిలబెట్టడం, కాళ్ల కింద మందపాటి రబ్బరు పలకలు వేయడం, జూమ్ తగ్గించి దగ్గరకు వెళ్లడం. అన్నిటికంటే తేలికైనది, పక్క సాంచాలను రెండు నిమిషాలు ఆపగలరా అని అడగడం. నేను అడగలేదు.

లెన్సు పెద్దదైతే తప్పూ పెద్దదే

ఒకే కుదుపు అన్ని లెన్సులతోనూ ఒకేలా కనిపించదు. 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్న కెమెరాతో 3,840 పిక్సెళ్ల వెడల్పున 4కె వీడియో తీస్తున్నాం అనుకోండి. డిగ్రీలో పదో వంతు కదలిక 24 మిల్లీమీటర్ల లెన్సుతో దృశ్యాన్ని నాలుగైదు పిక్సెళ్లు జరుపుతుంది. 200 మిల్లీమీటర్ల లెన్సుతో 37 పిక్సెళ్లు.

ప్యాన్ వేగానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఒక వస్తువు తెర ఒక అంచు నుంచి మరో అంచుకు చేరడానికి కనీసం ఏడు సెకన్లు పట్టేలా తిప్పాలని ఛాయాగ్రాహకులు చెబుతారు. అంతకంటే వేగమైతే దృశ్యం తునకలు తునకలుగా కనిపిస్తుంది. 24 మిల్లీమీటర్ల లెన్సుతో అది సెకనుకు పది డిగ్రీలు, 200తో ఒకటిన్నర డిగ్రీ. అంత నిదానంగా తిప్పాలంటే చేతికి ఎక్కువ అడ్డు కావాలి. దూరపు పక్షుల్ని, యంత్ర భాగాల్ని తీసేవాళ్లకు అడ్డును మార్చుకునే అంకెలు తప్పనిసరి. కూర్చుని మాట్లాడే మనిషిని మాత్రమే తీసేవాళ్లకు అంత అవసరం లేదు.

దుకాణంలో పది నిమిషాల పరీక్ష

మీ కెమెరాను వెంట తీసుకెళ్లండి. ఖాళీ హెడ్‌ను తిప్పి చూస్తే ఏమీ తెలియదు.

1. అన్ని తాళాలూ తీసి, అడ్డును మధ్య అంకె మీద పెట్టి, ఒక్క వేలితో చేతికర్రను వీలైనంత మెల్లగా తోయండి. కదలిక ఎప్పుడు మొదలైందో తెలియకుండా మొదలైతే అది ఫ్లూయిడ్ హెడ్. ‘టక్’మని మొదలైతే డబ్బా మీద ఏం రాసినా కాదు.

2. టిల్ట్ అడ్డును సున్నా చేయండి. కెమెరాను 30 డిగ్రీలు ముందుకు వంచి వదలండి, తర్వాత వెనక్కి. అక్కడే ఉండాలి. అడ్డును ఎక్కువగా ఉంచి ఈ పరీక్ష చేస్తే ద్రవం స్ప్రింగు లోపాన్ని దాచేస్తుంది. మొదటిసారి చేస్తుంటే కెమెరా కింద చేయి ఉంచండి.

3. పూర్తిగా జూమ్ చేసి దూరంగా ఒక గుర్తును చూస్తూ ప్యాన్ చేయండి. ఆపి, చేతికర్రను వదిలేయండి. దృశ్యం వెనక్కి జరిగిందా?

4. అదే జూమ్‌లో ఒక కాలిని వేలితో తట్టండి. దృశ్యం ఎంతసేపటికి కుదురుకుంటుందో లెక్కపెట్టండి. రెండు ట్రైపాడ్‌లను పోల్చడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు.

5. అడ్డు అంకెలు మార్చి చూడండి. 1కీ 3కీ మధ్య తేడా చేతికి స్పష్టంగా తెలియాలి.

కంటిని నమ్మలేకపోతే ఫోన్‌ను సాక్షిగా పెట్టుకోండి. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్ ఫోన్‌లోని జైరోస్కోప్ కొలతలను గ్రాఫుగా చూపిస్తుంది. ఫోన్‌ను కెమెరాతో పాటు హెడ్‌కు కట్టి ప్యాన్ చేయండి. మంచి హెడ్ అయితే కోణీయ వేగం గుట్టలా మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. పొడి ఘర్షణ అయితే మొదట్లోనే ఒక ముల్లు పైకి లేస్తుంది. చివర్లో గీత సున్నా కిందికి దిగితే కాళ్లు మెలి విప్పుకున్నాయని అర్థం.

ఎవరికి ఏది?

ఫోన్‌తో తీసేవాళ్లకు పెద్ద ఫ్లూయిడ్ హెడ్ దండగ. అంత తేలిక వస్తువుకు బలమైన స్ప్రింగు ఇబ్బందే. కదలకుండా నిలబెట్టి తీయడానికి గట్టి కాళ్లుంటే చాలు. ఒకటి నుంచి మూడు కిలోల కెమెరా వాడేవాళ్లు 75 మిల్లీమీటర్ల గిన్నె, మార్చుకోదగ్గ కౌంటర్‌బ్యాలెన్స్, కనీసం రెండు మూడు అడ్డు అంకెలు ఉన్నదాన్ని చూడాలి. డబ్బు పరిమితమైతే, కొత్తదాని కంటే వాడిన మంచి ట్రైపాడ్ మేలు కావచ్చు. కెమెరాలు పాతబడినంత త్వరగా ట్రైపాడ్‌లు పాతబడవు. పై పరీక్షలు దానికీ చేయండి. కొనేముందు పెళ్లి వీడియోల వాళ్ల దగ్గర ఒక రోజు అద్దెకు తీసుకుని వాడి చూస్తే ఇంకా మంచిది.

కెమెరాలోనో లెన్సులోనో స్థిరీకరణ ఉంది కదా అంటారా? అది చేతితో పట్టుకుని తీసేటప్పుడు ఉపయోగం. ట్రైపాడ్ మీద ప్యాన్ చేస్తుంటే కొన్ని కెమెరాలు దాన్ని కూడా వణుకే అనుకుని సరిదిద్దబోతాయి. మొదట్లో దృశ్యం అతుక్కుపోయినట్టు, తర్వాత ఎగిరినట్టు కనిపిస్తుంది. ప్యాన్‌కు ముందు దాన్ని ఆపి చూడండి.

కొన్నాక కూడా కాస్త శ్రద్ధ కావాలి. ఎండలో నిలిపిన కారులో హెడ్‌ను వదిలేయొద్దు. సముద్రపు ఒడ్డు నుంచి రాగానే కాళ్లను మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మడిచే ముందు, మోసే ముందు ప్యాన్, టిల్ట్ తాళాలు వేయండి. తాళం వేసి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పొద్దు.

ఆ పెద్దాయన సాంచా మీద నా వీడియోలో చివరికి మిగిలింది కెమెరాను అసలు కదపకుండా తీసిన మూడు షాట్లు. వాటిలోనూ నేల వణుకు ఉంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చని ఎడిటర్ అన్నాడు. వద్దన్నాను. అది ఆ షెడ్డు వణుకే కాబట్టి ఉండనిచ్చాను. కానీ బీము నుంచి ఆయన చేతుల దాకా నూలు వెంట సాగాల్సిన ఆ షాట్ మాత్రం ఇక రాదు.